పద్నాలుగు పాయింట్ మూడు

2006 ఫిబ్రవరిలో ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా నాకు డ్యూటీ పడింది. ఖమ్మం జిల్లాలో టేకులపల్లి దాటి ఇంకా లోపలికి వెళితే, అడవి అంచున ఒక జూనియర్ కళాశాల. దాని పేరు రాయను. తప్పు చేసినవాణ్ణి నేను, వాళ్ల పేరు బజారుకెక్కించడం దేనికి? అప్పటికి నేను బోనకల్ వైపు ఒక కళాశాలలో రసాయన శాస్త్రం జూనియర్ లెక్చరర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు నిండింది.

ఈ ఉద్యోగం తెలియనివారి కోసం ఒక మాట. ప్రాక్టికల్స్‌లో పిల్లలకు వాళ్ల లెక్చరరే మార్కులు వేస్తే పక్షపాతం వస్తుందని బోర్డు వేరే కళాశాల నుంచి ఒక మనిషిని పంపుతుంది. ఆయన ఎక్స్‌టర్నల్. అక్కడి లెక్చరర్ ఇంటర్నల్. ఇద్దరూ సంతకం చేస్తారు కానీ మాట చెల్లేది ఎక్స్‌టర్నల్‌దే. అందుకని ఎక్స్‌టర్నల్‌కు మగపెళ్లివారి మర్యాద జరుగుతుంది. మధ్యాహ్నం నాటుకోడి కూర, సాయంత్రం బస్సు దాకా ఒక మనిషి తోడు. ఆ కూర తిన్నవాడు ముప్పైకి ఇరవై ఎనిమిదికి తగ్గకుండా మార్కులు వేసి పోతాడు. నేను మాత్రం ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తీసుకుపోయేవాణ్ణి. "ఆయనొచ్చిండంటే చండశాసనుడే" అని నా వెనక అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడితే విసుక్కున్నట్టు నటించేవాణ్ణి గానీ, లోపల్లోపల మీసం మెలేసుకునేవాణ్ణి.

అక్కడి ఇంటర్నల్ సుజాత మేడం. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నెమ్మదస్తురాలు. ల్యాబ్ అటెండర్ యాకయ్య. యాభై దాటిన మనిషి. గాజు సామాను కడగడం దగ్గర్నుంచి గ్యాస్ ప్లాంటు వెలిగించడం దాకా ఆ ల్యాబ్ అతని చేతి మీద నడిచేది. ఆ రోజు ఒకటే బ్యాచ్. బైపీసీ పిల్లలు పద్దెనిమిది మంది. చాలామంది చుట్టుపక్కల కోయగూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. అందరిదీ తెలుగు మీడియం.

పరీక్షలో పెద్ద వాటా టైట్రేషన్‌ది. పాత రోజుల్లో బావుల్లో వేసేవారే, ఆ ఊదారంగు మందు, పొటాషియం పర్మాంగనేట్, దాని ద్రావణాన్ని బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలో నింపాలి. ఇరవై మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లాన్ని పిపెట్ అనే సన్న గాజుగొట్టంతో పీల్చి కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, పైనుంచి ఊదారంగు ద్రావణాన్ని చుక్క చుక్కగా వదలాలి. పర్మాంగనేట్ ఆక్సాలిక్ ఆమ్లం దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని రంగు పోగొట్టుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఇచ్చినదానికి జరిగేది ఆక్సీకరణం, పుచ్చుకున్నదానికి జరిగేది క్షయకరణం. ఆక్సాలిక్ అంతా అయిపోయాక పడిన ఒక్క చుక్కతో ఫ్లాస్కు లేత గులాబీ రంగుకు తిరిగి అలాగే నిలబడుతుంది. అక్కడ ఆపి, గొట్టం మీద అంకె చూసి రాయాలి. రెండు పర్మాంగనేట్ అణువులకు అయిదు ఆక్సాలిక్ అణువులు సరిపోతాయి. ఆ లెక్క పట్టుకుని, ఆక్సాలిక్ గాఢత మేము చెబితే, పర్మాంగనేట్ గాఢత పిల్లలు కనుక్కోవాలి.

ఈ ద్రావణాలు ముందురోజే తయారు చేసి పెట్టడం ఆనవాయితీ. పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. రావలసిన అంకె అటెండర్ నోటి నుంచి పిల్లల చెవికి చేరుతుంది. అందుకని నేను పొద్దున్నే ఏడున్నరకే దిగి, యాకయ్యను బయటికి పంపి, త్రాసు గదిలో నేనే తూచాను. ఒక చిన్న కాగితం మీద లెక్క వేసుకున్నాను. రెండు లీటర్ల ఆక్సాలిక్ కావాలి, గాఢత 0.05 మోలార్, అంటే లీటరుకు 0.05 మోల్. మోల్ అంటే డజను లాంటి మాటే, కాకపోతే మరీ పెద్ద డజను. ఏ పదార్థానికైనా దాని అణుభారమెంతో అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్. ఆక్సాలిక్ అణుభారం తొంభై, పదో వంతు మోల్ కావాలి, కాబట్టి తొమ్మిది గ్రాములు. నోటి లెక్కే. పర్మాంగనేట్ కూడా 0.02 మోలార్ వచ్చేలా తూచి కలిపాను. ఇరవైకి ఇరవై రావాలి అని కాగితం అడుగున "20.0" అని రాసి కింద గీత గీశాను.

సుజాత మేడం తలుపు దగ్గర నిలబడి, "సార్, ఒక్కసారి మనం టైట్రేట్ చేసి చూస్తే మంచిదేమో" అంది. నిజానికి అది సలహా కాదు, పద్ధతే అది. ఎగ్జామినర్ ముందు తాను చేసి చూసి, తనకు వచ్చిన అంకెనే కీగా, అంటే సరైన జవాబుగా పెట్టుకోవాలి. నేను గడియారం చూపించి, "ఇరవై రెండేళ్లుగా కలుపుతున్నానమ్మా ఈ నీళ్లు" అన్నాను. 

తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. నేను ఆ కాగితాన్ని త్రాసు గదిలోనే వెయిట్ బాక్స్, అంటే తూకపురాళ్ల పెట్టె కింద పెట్టి వచ్చాను. బాక్సు తీసుకురమ్మని యాకయ్యను లోపలికి పంపింది కూడా నేనే. ఇంత కట్టుదిట్టం చేసినవాడికి ఆ మాత్రం బుద్ధి లేకపోయింది. అతను తీరిగ్గా చూసే ఉంటాడు. పది గంటలకల్లా ఆ బల్ల దగ్గర నీళ్లు పోస్తూ, ఈ బల్ల దగ్గర స్టాండు సరిచేస్తూ, తన పని తాను చేసుకుపోయాడు.

పదిన్నరకు బల్లల మధ్య తిరిగాను. మొదటి పేపరులో 20.0, రెండోదానిలో 20.1, తర్వాత 19.9, మళ్లీ 20.0. పల్లెటూరి ల్యాబ్‌లో ఇంత చక్కగా చేస్తున్నారే అని సంతోషించాను. ఫ్లాస్కులు మాత్రం ఎక్కడా లేత గులాబీగా లేవు. పండిన నేరేడు పళ్లు పిసికినట్టు చిక్కటి ఊదాగా ఉన్నాయి. ఇరవై దాకా దించితే గానీ గొట్టంలో అంకె కుదరదు కదా, అందుకని పిల్లలు రంగు తిరిగాక కూడా ఆపకుండా ఇరవై వచ్చేదాకా వదిలారు. రసాయన శాస్త్రం చదివినవాడెవడైనా ఆ రంగు చూసిన క్షణమే ఆగిపోవాలి. నేను ఆగలేదు. "ఒక చుక్క ఎక్కువ పడనిస్తున్నారు, చెయ్యి తిరగలేదు" అనుకుని ముందుకు నడిచాను. అంకె నాకు కావలసిందే వచ్చింది, ఇంక రంగుతో ఏం పని!

కిటికీ పక్క చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. కుర్సం సమ్మక్క. సన్నగా, పొడుగ్గా, జడను గట్టిగా దువ్వి కట్టుకుని. ఆమె ఫ్లాస్కు ఒక్కటే లేత గులాబీ రంగులో ఉంది. పేపరులో వరుసగా మూడు అంకెలు: 14.3, 14.3, 14.2.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"గంతే వస్తున్నది సార్."

"అందరికీ ఇరవై వస్తుంటే నీ ఒక్కదానికే పద్నాలుగెలా వస్తుంది? పిపెట్ నిండా తీసుకున్నావా? మధ్యలో గాలి బుడగ పోయిందేమో. మళ్లీ చెయ్యి" అన్నాను. పక్కనే నిలబడ్డాను. ఆమె పిపెట్ కడిగి, గీత దాకా పీల్చి, చూపుడు వేలితో మూసి, గీతను కంటికి ఎదురుగా పెట్టుకుని దించింది. మా ఎమ్మెస్సీలో కూడా అంత శ్రద్ధగా చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేడి చేసింది. చుక్కలు వదిలింది. గులాబీ తిరిగింది. ఆపి, గొట్టం చూసి, నా మొహం చూసింది. 14.3.

యాకయ్య నీళ్ల బకెట్‌తో అటుగా వచ్చి, నాకు వినబడదనుకుని, "పిల్లా, ఇరవై రాయి, ఊకె సతాయించకు" అని గొణిగాడు. నాకు వినబడింది. విననట్టు ఊరుకున్నాను. ఆ అమ్మాయి అతని వైపు చూసి, "రాలేదు కద బాబాయ్, రానిది ఎట్ల రాయాలె?" అంది. అటు తిరిగి నాతో, "సార్, ఆక్సాలిక్ ఆమ్లమే పల్చగ ఉన్నదేమో" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తూచిన ద్రావణం! "ఎవరు కలిపారో తెలుసా అది? చెయ్యడం చేతగాక ద్రావణం మీద పెడతావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అని గట్టిగానే అన్నాను. పద్దెనిమిది మందీ తలెత్తి చూశారు. ఆమె తల దించుకుంది. కానీ అంకె దిద్దలేదు.

తర్వాత వైవా, అంటే నోటి ప్రశ్నలు. సమ్మక్క వంతు వచ్చేసరికి నా కోపం ఇంకా చల్లారలేదు. ఈ చర్యలో క్షయకరణం చెందేది ఏదని అడిగాను. పర్మాంగనేట్ అంది. ఎందుకని అడిగాను. ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటది కాబట్టి అంది. సరైన జవాబు. అక్కడితో వదిలేస్తే పోయేది, ఏదైనా సందేహముందా అని వెక్కిరింపుగా అడిగాను. ఆమె దాన్ని నిజమే అనుకుంది.

"ఉన్నది సార్. క్షయ అంటే తగ్గుడు గద. మా నాయనకు క్షయ ఉండె. దవాఖానల తూకం వేస్తే నెలనెలకు తగ్గుకుంటనే పోయిండు. మరి గీ పర్మాంగనేటుకు ఎలక్ట్రాన్లు వస్తున్నయి, పోతలేవు. వచ్చేదాన్ని క్షయ అని ఎందుకన్నరు సార్?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవ్వరూ అడగలేదు. నాకు నేనూ అడుక్కోలేదు.  "పుస్తకంలో అలా ఉంది, అలా చెబితే చాలు. వెళ్లు" అన్నాను. వారం తర్వాత ఇంట్లో పుస్తకాలు తిరగేస్తే గానీ జవాబు దొరకలేదు. పూర్వం ఖనిజాన్ని కాల్చి లోహం తీసేటప్పుడు ఆక్సిజన్ పోయి బరువు తగ్గేది, ఆ తగ్గుదలను బట్టి పుట్టిన పేరు అది. ఎలక్ట్రాన్ల సంగతి తర్వాత తెలిసింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. పర్మాంగనేట్‌లో మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య కూడా ఏడు నుంచి రెండుకు దిగుతుంది, ఆ విధంగానూ అది తగ్గుదలే. రెండు ముక్కల్లో చెప్పగలిగే సంగతి. తండ్రి తూకం దవాఖానాలో నెలనెలా చూసిన పిల్ల అడిగింది, నేను కసిరాను. వైవాకు సున్నా వేశాను.

టైట్రేషన్‌కు కూడా దాదాపు ఏమీ వేయలేదు. మొత్తం కలిపితే ముప్పైకి తొమ్మిది. పాస్ కావాలంటే పదకొండు రావాలి.

పిల్లలు వెళ్లిపోయాక మధ్యాహ్నం మూడింటికి మార్కులు మెమోలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మెమో అంటే బోర్డుకు పంపే మార్కుల పట్టిక. దాన్ని కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, ప్రిన్సిపాల్‌కు అప్పజెబితే మళ్లీ ఎవరూ ముట్టుకోవడానికి లేదు. నేను, సుజాత మేడం ఎదురెదురుగా కూర్చున్నాం. సమ్మక్క పేపరు వచ్చింది. తిప్పి చూస్తే వెనకవైపు పెన్సిలుతో చిత్తు లెక్క ఒకటి ఉంది. ఉదయం నేను చూడలేదు.

"అందరికి 20 వచ్చిందంట. పర్మాంగనేట్ 0.02 అయితే నాకు 14.3 ఎందుకు వచ్చింది? అప్పుడు ఆక్సాలిక్ 0.05 కాదు, 0.0357 కావాలె." కింద అయిదు బై రెండు నిష్పత్తి వేసి, గుణించి, భాగించి, వరుసగా చూపించింది. ఎక్కడా ఒక్క అంకె తప్పు లేదు.

0.0357ని 0.05తో భాగించాను. ఎందుకు భాగించానో నాకే తెలియదు, చెయ్యి దానంతటది చేసింది. ఏడింట అయిదు వంతులు. తొంభైని నూట ఇరవై ఆరుతో భాగించినా అదే వస్తుంది.

ఆ నూట ఇరవై ఆరు ఎక్కడిదో నేను చెప్పాలి. సీసాలో దొరికే ఆక్సాలిక్ ఆమ్లం తెల్లటి స్ఫటికాలుగా ఉంటుంది. ప్రతి ఆక్సాలిక్ అణువు రెండు నీటి అణువులను తనతో పాటు పట్టుకుని ఉంటుంది. చూస్తే పొడిగానే కనబడుతుంది కానీ తూకంలో ఆ నీళ్ల బరువు కూడా ఉంటుంది. దాన్ని స్ఫటిక జలం అంటాం. ఆ రెండు నీళ్లు కలిపితే అణుభారం తొంభై కాదు, నూట ఇరవై ఆరు. నేను పన్నెండు పాయింట్ ఆరు గ్రాములు తూయవలసిన చోట తొమ్మిది తూచాను. మొదటి సంవత్సరం పిల్లలు చేస్తే నేను చెవి మెలిపెట్టే తప్పు. ద్రావణం పల్చగా ఉంది. ఆ గదిలో పద్దెనిమిది మందికీ రావలసిన అంకె పద్నాలుగు పాయింట్ మూడే. పదిహేడు మందికి కూడా అదే వచ్చింది, వాళ్లు దాన్ని దాటి ఇరవై దాకా పోయారు. ఒక్కతి ఆగింది.

 ఎదురుగా ఉన్న సుజాత మేడంకు ఏమీ తెలియదు. ఆమె పేపరు వైపు చూసి, "సార్, ఒక్క మాట" అంది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడి, పేపరును మళ్లీ ముందువైపుకు తిప్పేశాను.

ఆమె చెప్పింది వేరే. ఆ పిల్ల నర్సు ట్రైనింగుకు పోవాలనుకుంటోందట. సీటు ఇంటర్ మార్కుల మీదే ఇస్తారట. తండ్రి పోయినప్పటి నుంచీ అదే పట్టుదలట. "తొమ్మిదంటే తప్పినట్టే గద సార్. ఏడాది పోతది. ఎట్లనన్న రెండు మార్కులు కలపండి. మంచి పిల్ల సార్, ఇయ్యాల ఏమైందో ఏమో" అని బతిమాలింది.

నా ముందు దారి ఉంది. లేదని నాకు నేను చెప్పుకోలేను. మెమోలో ఆమె వరుస ఇంకా ఖాళీగానే ఉంది. తూకం తప్పిందని ప్రిన్సిపాల్‌కు చెప్పి, ఒక కాగితం రాసి, మర్నాడు ఆ బ్యాచ్‌కు కొత్త ద్రావణంతో మళ్లీ టైట్రేషన్ పెట్టించవచ్చు. లేదా సమ్మక్కకు పూర్తి మార్కులు వేసి, మిగతా పదిహేడు మంది అంకెలు కొట్టేయవచ్చు. ఏది చేసినా నా తప్పు పై అధికారి దాకా పోతుంది. నోటి లెక్క వేశాడట, ముందుగా చేసి చూడలేదట, కీ బయటికి పొక్కిందట. చండశాసనుడు తొమ్మిది గ్రాములు తూచాడని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ప్రతి స్టాఫ్ రూములో నవ్వుకుంటారు. నేను భయపడింది దానికే. పిల్లల గురించి ఆలోచించానని రాస్తే అబద్ధమవుతుంది.

కలం తీసి ఆమె పేపరు మీద తొమ్మిదిని పదకొండు చేశాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను. "మీరు చెప్పారు కాబట్టి వేస్తున్నానమ్మా" అన్నాను. సుజాత మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు కఠినం అంటరు గానీ సార్, మనసు వెన్న" అంది. ఆ మాటకు నేను తల ఊపాను. మిగతావాళ్లకు ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఒకరిద్దరికి ఇరవై ఏడు పడ్డాయి. లక్క కరిగించి సీలు వేశాం. మిగిలిన ఆక్సాలిక్ ద్రావణాన్ని యాకయ్యతో సింకులో పోయించాను, సీసా రెండుసార్లు కడిగించాను. "రేపటికి పనికొస్తది గద సారు" అన్నాడు. వద్దు, రేపు కొత్తది కలుపుతానన్నాను.

అయిదున్నర బస్సుకు రోడ్డు మీదికి వచ్చాను. కొత్తగూడెం వైపు బొగ్గు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. హాస్టల్ వైపు నుంచి సమ్మక్క వచ్చింది, వెంట ఇద్దరు స్నేహితురాళ్లు. వాళ్లు దూరంగా నిలబడిపోయారు. ఆమె దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"మేడం చెప్పింది సార్. మీరు రెండు మార్కులు కలిపిన్రంట. లేకుంటే నేను తప్పేదాన్నంట" అంది. నేను బస్సు వచ్చే వైపు చూశాను. ఆమే మళ్లీ అంది. "నాదే తప్పు సార్. పొద్దుగాల మీతోటి ఎదురు మాట్లాడిన. గీతలు సూసుడు నాకు సక్కగ రాదు కావచ్చు. అందరికి ఇరవై వస్తే నాకొక్కదానికి తక్కువ ఎందుకొస్తది? కండ్లే సరిగ్గ లేవేమో సార్. పరీక్ష చేయించుకుంట."

బస్సు మలుపు తిరగడం కనిపించింది. అప్పటికీ సమయం ఉంది. "నీ కళ్లు బాగానే ఉన్నాయి" అనే నాలుగు మాటలకు ఎంత సేపు పడుతుంది? ఉదయం నాకు ఎదురు నిలబడి అంకె దిద్దనన్న పిల్ల, సాయంత్రానికి తన కళ్లనే అనుమానించుకుంటోంది. నేను ఆమె చేతిలో ఆ అనుమానాన్ని అలాగే పెట్టి, పెద్దమనిషి తరహాలో, "ఇకనుంచి జాగ్రత్తగా చూసి చెయ్యమ్మా" అన్నాను. "అవ్ సార్" అంది. బస్సెక్కాను. సీటు దొరికింది. ఖమ్మం దాకా కూర్చునే వచ్చాను.

మర్నాడు వేరే బ్యాచ్‌కు పన్నెండు పాయింట్ ఆరు గ్రాములు తూచాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ ఏడాది వర్షాకాలంలో వేరే పని మీద సుజాత మేడం ఫోను చేసినప్పుడు, ఊరికే అడిగినట్టు సమ్మక్క సంగతి అడిగాను. పాసైందట గానీ నర్సింగ్ జాబితాలో పేరు రాలేదట, కొద్ది మార్కుల్లో పోయిందట. భద్రాచలం అవతల అక్క దగ్గరికి పోయి మిరప తోటల్లో పనికి పోతోందట. "పాపం సార్, ప్రాక్టికల్‌లో ఆ ఒక్కటి మంచిగ పడి ఉంటే వచ్చేది" అంది. అవునమ్మా అన్నాను. సమ్మక్క ఉంటున్న ఊరి అడ్రసు అడిగి తీసుకున్నాను. ఒక ఆదివారం ఇన్లాండ్ కవరు ముందు పెట్టుకుని "చిరంజీవి సమ్మక్కకు" అని రాశాను. తర్వాత ఏం రాయాలో నాకు తెలుసు, చెయ్యి రాలేదు. ఆ కవరు చింపేశాను. రెండోది కొనలేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు పనిచేశాను. పరీక్ష ఎక్కడైనా, ద్రావణం కలిపాక ఇంటర్నల్ ఎదురుగా నేనే మూడుసార్లు టైట్రేట్ చేసేవాణ్ణి. ఎన్ని గ్రాములు తూచానో, ఏ అణుభారంతో తూచానో బోర్డు మీద అందరికీ కనబడేలా రాసేవాణ్ణి, ఆక్సాలిక్ పక్కన రెండు నీటి అణువులతో సహా. కీ దాచడం మానేశాను. ఏ పిల్లకైనా వేరే అంకె వస్తే ముందు నా సీసా పరీక్షించి, తర్వాతే ఆ పిల్ల పిపెట్ చూసేవాణ్ణి. మా కళాశాల పిల్లలు నాకు "రెండు నీళ్ల సారు" అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో వాళ్లకు తెలుసు, నేనెందుకు కోప్పడలేదో తెలియదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పదిహేడు మందికి ఒకే అంకె వచ్చిందంటే అది సరైనదని కాదు, ఎవరో చెప్పారని కూడా కావచ్చు. తూకం తప్పడం ఎవరికైనా జరుగుతుంది, దానికి శిక్ష చిన్నదే, ఒక సంజాయిషీ కాగితం. నేను ఆ కాగితం రాయకుండా తప్పించుకున్నాను. సమ్మక్క ఆ రోజు సరిగ్గా చూసిందని తెలిసిన మనిషి ఈ భూమి మీద నేనొక్కణ్ణే. ఆమెకు ఇప్పటికీ తెలియదు.